డార్సీ ఆదాయం అందరికీ తెలుసు, ఎలిజబెత్ వాటా ఎంత?

సవతి తల్లినీ ముగ్గురు చెల్లెళ్లనూ చూసుకుంటానని, చావుబతుకుల్లో ఉన్న తండ్రికి మాటిచ్చాడు జాన్ డాష్‌వుడ్. ఇస్తూనే మనసులో లెక్క కూడా వేసుకున్నాడు. చెల్లికి వెయ్యి చొప్పున మూడు వేల పౌండ్లు. అతనికి తల్లి తరఫు ఆస్తి ఉంది, భార్య తెచ్చిన సొమ్ము ఉంది, ఇప్పుడు నార్లండ్ ఎస్టేటు కూడా చేతికొచ్చింది. మూడు వేలు అతనికి పెద్ద భారం కాదు. ఈ సంగతి భార్య ఫానీ చెవిన పడింది. మన బాబు నోటి దగ్గరి కూడు తీసి వాళ్లకు పెడతారా అంది. పోనీ తలా అయిదు వందలు చాలన్నాడు. అదీ ఎక్కువే అంది. సవతి తల్లి బతికున్నన్నాళ్లూ ఏడాదికి నూరు పౌండ్ల మనోవర్తి ఇద్దామన్నాడు. ఏటా డబ్బు వస్తుందంటే మనుషులు ఓ పట్టాన చావరు, పైగా ఆవిడకు నలభై ఏళ్లయినా నిండలేదు, ఆరోగ్యం చూస్తే గుండ్రాయిలా ఉంది అంది. అప్పుడప్పుడూ ఒక యాభై? అదీ దండగే. చివరికి తేలిందేమిటంటే, ఇల్లు వెతికిపెట్టడం, సామాను చేర్పించడం, చేపల కాలంలో చేపలు, వేట కాలంలో వేటమాంసం పంపడం. తండ్రి అడిగిన దానికి ఇంతకు మించి అర్థం లేదని దంపతులిద్దరూ తీర్మానించుకున్నారు. వెళ్లిపోయేవాళ్ల పింగాణీ గిన్నెలు తమ ఇంట్లో ఉన్నవాటికంటే ఎంతో బాగున్నాయని ఫానీకి ఆ మధ్యలోనే కడుపుమంట.

1811లో అచ్చయిన ఇంగ్లండ్ రచయిత్రి జేన్ ఆస్టెన్ నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రెండో అధ్యాయం ఇది. ఎవరూ గొంతు పెంచరు, ఎవరూ కొట్టుకోరు. రెండు మూడు పేజీల్లో మూడు వేల పౌండ్లు చేపలైపోతాయి. జేన్ ఆస్టెన్‌ను ప్రేమకథల రచయిత్రి అని పిలిచేవారు ఈ అధ్యాయాన్ని దాటవేసి చదివి ఉండాలి. 2025 డిసెంబరు 16కు ఆమె పుట్టి 250 ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా టోపీలు, గౌనులు, నాట్యాలు, తడిసిన చొక్కాతో నడిచొచ్చే ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నాయకుడు డార్సీ మళ్లీ కళ్ల ముందు ఊరేగాయి. ఆ తడి చొక్కా నవలలో లేనేలేదు, 1995 నాటి బీబీసీ ధారావాహిక పుణ్యం. నవలలో ఉన్నవి అంకెలు.

డార్సీకి ఏటా పది వేలు. అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు. మనిషి నాట్యశాలలో అడుగుపెట్టిన కాసేపటికే అతని ఆదాయం గది చుట్టూ తిరిగొస్తుంది. ఆడపిల్లల సంగతీ అంతే. బింగ్లీ అక్కచెల్లెళ్లకు తలా ఇరవై వేలు, డార్సీ చెల్లెలికి ముప్పై వేలు. మరి అందరూ మెచ్చే నాయిక ఎలిజబెత్ బెన్నెట్‌కు ఎంత? అది మనకు చెప్పేది ఆమెకు దూరపు చుట్టమైన కాలిన్స్. పెళ్లి చేసుకుంటానని అడుగుతూ అడుగుతూనే, నీకు వచ్చేది నాలుగు శాతం వడ్డీ మీద వెయ్యి పౌండ్లు, అదీ మీ అమ్మ పోయాకే అని గుర్తుచేస్తాడు. అంటే ఏడాదికి నలభై పౌండ్లు. డార్సీ పది వేల పక్కన ఆ నలభైని పెట్టి చూస్తే వాళ్లిద్దరి మధ్య ఉన్నది అహంకారమో అపోహో కాదని తెలుస్తుంది. నవల పేరులో ఆ రెండు మాటలున్నాయి కాబట్టి మనం వాటి వెంట పడ్డాం.

ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ గారి ఎస్టేటు మగవారసుడికే చెందాలన్న షరతు ఉంది. అయిదుగురు కూతుళ్లున్నా ఆయన కన్నుమూసిన నాడు ఇల్లు దూరపు బంధువు కాలిన్స్‌ది. ఆయన ముందుచూపు లేనివాడేమీ కాదు, కొడుకు పుడతాడనుకున్నాడు. కొడుకు పుడితే షరతు తీయించవచ్చు, భార్యాబిడ్డలకు దారి దొరుకుతుంది, అందుకే పొదుపు అక్కర్లేదనుకున్నాడు. వరసగా అయిదుగురు ఆడపిల్లలు పుట్టారు. చిన్నది పుట్టాక కూడా ఆ తల్లి ఏళ్ల తరబడి కొడుకు కోసం ఎదురుచూసింది. ఇక లాభం లేదని తెలిసేసరికి కూడబెట్టే కాలం దాటిపోయింది. ఇంత జరిగాక ఆయన గ్రంథాలయంలో తలుపేసుకుని చమత్కారాలు విసురుతుంటే పాఠకులు నవ్వుతారు, పిల్లల పెళ్లిళ్ల కోసం ఊరంతా తిరిగే భార్యను చూసి మరీ నవ్వుతారు. నిజానికి ఆ ఇంట్లో పరిస్థితి అర్థమైన మనిషి ఆవిడ ఒక్కతే. భర్త శవం లేచిన మర్నాడు అయిదుగురు పిల్లలతో ఎక్కడికి వెళ్లాలో ఆవిడ మాత్రమే ఆలోచిస్తోంది. ఆవిడ మాటతీరు మోటుగా ఉంటుంది, ఒప్పుకుంటాను.

ఎలిజబెత్ కాలిన్స్‌ను కాదంది కదా, ఒకసారి డార్సీనే కాదంది కదా, మరి ప్రేమే గెలిచింది కదా అంటారు. ఆస్టెన్ కూడా 1814లో మేనకోడలు ఫానీ నైట్‌కు రాసిన ఉత్తరంలో, ఇష్టం లేని పెళ్లి కంటే ఏదైనా భరించవచ్చు అంది. కాదనను. అదే మేనకోడలికి 1817లో రాసిన మాట కూడా ఉంది: పెళ్లికాని ఆడవాళ్లకు పేదలైపోయే భయంకరమైన లక్షణముంది, పెళ్లి వైపు మొగ్గడానికి అదొక బలమైన కారణం. మొదటి ఉత్తరాన్ని ఊరంతా చాటి, రెండోదాన్ని పెట్టెలో దాచేవారితో నాకు పేచీ.

ఎలిజబెత్ కాదన్న కాలిన్స్‌ను ఆమె స్నేహితురాలు షార్లెట్ లూకస్ ఔనంది. షార్లెట్‌కు ఇరవయ్యేడేళ్లు, అందగత్తె కాదు, ఆస్తి లేదు. నేను కోరుతున్నది ఒక సుఖమైన ఇల్లు మాత్రమే అంటుంది. ఎలిజబెత్ ముఖం చిట్లించింది, ఆస్టెన్ మాత్రం షార్లెట్‌ను శిక్షించలేదు. పెళ్లయ్యాక ఆమె ఇంట్లో గదులు ఎలా పంచుకుందో చూడండి. తాను కూర్చోవడానికి వెనక వైపు గదిని ఎంచుకుంది. వీధి కనబడే ముందుగది భర్తకు వదిలేసింది, అతను అక్కడే కాలక్షేపం చేస్తాడు, రోజులో చాలాసేపు ఆమె జోలికి రాడు. తోటపని ఆరోగ్యానికి మంచిదని అతన్ని ప్రోత్సహిస్తుంది కూడా. ప్రేమ లేని కాపురాన్ని ఇంత నేర్పుగా సర్దుకున్న ఇల్లాలు సాహిత్యంలో నాకు మరొకరు తట్టడం లేదు.

ఆ ఇరవయ్యేడు అంకె ఊరికే రాలేదని నా అనుమానం. 1802 డిసెంబరు 2న, మానిడౌన్ ఎస్టేటుకు వారసుడైన హారిస్ బిగ్-విదర్ ఆస్టెన్‌ను పెళ్లాడతానని అడిగాడు. ఆమె సరేనంది. ఒక్క రాత్రి గడిచింది. తెల్లారి కాదని చెప్పి అక్కతో కలిసి బండెక్కింది. మరో రెండు వారాల్లో ఆమెకు ఇరవయ్యేడు నిండుతాయి. ఆ ‘కాదు’కు వెల ఏమిటో తర్వాత తెలిసింది. 1805లో తండ్రి పోయాడు. తల్లి, ఇద్దరు కూతుళ్లు అన్నదమ్ములు తలా ఇంత వేసుకుని పంపే డబ్బు మీద, అద్దె గదులూ చుట్టాల ఇళ్లూ మారుతూ బతికారు. ధనవంతులైన నైట్ దంపతులకు దత్తుపోయిన అన్న ఎడ్వర్డ్‌కు రెండు ఎస్టేట్లుండగా, చాటన్‌లో ఒక చిన్న ఇల్లు వీళ్లకు ఇచ్చింది 1809లో. తన గూడంటూ దొరికిన రెండేళ్లకు మొదటి నవల వెలువడింది, రచయిత్రి పేరుండాల్సిన చోట ‘ఒక స్త్రీ’ అని వేసుకుని. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులను నూట పది పౌండ్లకు అమ్మేసింది.

అందుకే ఆమె నవలల్లో అందగాళ్లైన మోసగాళ్లు శృంగార పురుషులు కారు, కట్నం వేటగాళ్లు. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో విల్లోబీ, డాష్‌వుడ్ చెల్లెళ్లలో ఒకరైన మరియాన్‌ను వదిలేసి యాభై వేలున్న మిస్ గ్రేను కట్టుకున్నాడు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో వికమ్ మొదట డార్సీ చెల్లెలు జార్జియానా ముప్పై వేల మీద వల వేశాడు, తర్వాత పది వేలు కలిసొచ్చిన మేరీ కింగ్ వెంట తిరిగాడు, చివరికి ఏమీ లేని ఎలిజబెత్ చెల్లెలు లిడియాతో లేచిపోయాడు. పెళ్లంటే భార్య సొమ్ము భర్తదైపోవడమేనన్నది నాటి ఇంగ్లండ్ చట్టం. 1882 దాకా అది పూర్తిగా మారలేదు. లిడియా పెళ్లి చేయించడానికి లండన్‌లో నడిచినది అచ్చంగా మన పెళ్లిబేరమే. వెయ్యికి పైగా అప్పులు తీర్చాలి, పెళ్లికూతురి పేర మరో వెయ్యి వేయాలి, పెళ్లికొడుక్కి సైన్యంలో కొలువు కొనిపెట్టాలి. పది వేలకు పైసా తగ్గినా వికమ్ తెలివితక్కువవాడే అంటాడు పిల్ల తండ్రి. ఆ సొమ్మంతా చాటుగా ఇచ్చినవాడు డార్సీ. పాఠకులు దాన్ని ప్రేమ అంటారు. ప్రేమే కావచ్చు, అది తీర్చింది మాత్రం కట్నం బాకీ.

ఇంగ్లండ్ ముచ్చట మనకెందుకంటే, ఈ లెక్కలు నేను తెలుగునాట చూశాను. కొడుకుతో సమానంగా కూతురికీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కునిస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం చట్టం మార్చాక ఆ అడ్డూ పోయింది. కాగితం మీద బెన్నెట్ కూతుళ్లకంటే మన కూతుళ్లు రెండు వందల ఏళ్లు ముందున్నారు.

కొన్నేళ్ల కిందట ఒక రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నా పని కోసం కూర్చుని ఉన్నాను. పక్క బల్ల మీద నడివయసు ఆవిడ, ఆమెకిరువైపులా ఇద్దరు అన్నదమ్ములు. హక్కు విడుదల దస్తావేజు. పెళ్లప్పుడు ఇచ్చేశాం కదమ్మా అని పెద్దాయన నచ్చచెబుతున్నాడు, ఆవిడ ఎదురు మాట్లాడకపోయినా. కాదంటే పుట్టింటి గడప తొక్కలేనన్న సంగతి ఆవిడ ముఖంలోనే ఉంది. వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని చీర కొంగుకు తుడవబోయి ఆగింది, కొత్త చీర మరి. పని పూర్తయ్యాక చిన్నాయన సంచీలోంచి ఇంకో చీర తీసి చేతిలో పెట్టాడు. ఏటా సంక్రాంతికి నీకు చీర రాకుండా ఉండదు చెల్లాయ్ అన్నాడు.

నాకు నార్లండ్ చేపలు గుర్తొచ్చాయి. ఆవిడ చీర అంచు తిప్పి చూసి, రంగు బాగుందన్నయ్యా అంది.