నల్లబూటు గారికి హవల్దారు రాయునది

మహారాజశ్రీ నల్లబూటు గారికి,

రిటైర్డ్ హవల్దారు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నా పాదాలు మాత్రం ఇంకా తమర్నే తలుచుకుంటున్నాయి, ముఖ్యంగా రాత్రిళ్లు.

రాజస్థాన్‌లో ఉన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి తమకి పాలిష్ కొట్టేవాణ్ణి. ముఖం కనబడేదాకా రుద్దాలి. కనబడేది కూడా. లోపల నా కాలు ఏమవుతోందో ఒక్కటే ఎవరికీ కనబడేది కాదు. సాయంత్రం మేజోడు లాగితే రసికి అంటుకుని చర్మంతో సహా వచ్చేది. పాదం పైన, సరిగ్గా తమ నాలుక ఆనే చోట, ఎర్రగా నీటిపొక్కులు. వేళ్ల సందులు మాత్రం శుభ్రం.

ఎం.ఐ. రూముకి, అంటే పటాలం వైద్యశాలకి, వెళ్తే ‘తామర, కాళ్లు కడుక్కో’ అన్నారు. కడిగాను. మళ్లీ వెళ్తే పరేడ్ ఎగ్గొట్టే వేషాలన్నారు. ఎలాగో రెండు వారాలు బూటు మాఫీ చిట్టీ సంపాదించి కాన్వాస్ జోడుతో నిలబడితే, ‘పెళ్లికొడుకు వచ్చాడు’ అని సూబేదార్ సాబ్ అందరికీ చూపించారు. ఆ రెండు వారాల్లో పుండ్లు మానాయి. అనుమానం మాత్రం నా మీదే, తమ మీద కాదు.

చివరికో చర్మం డాక్టరు వీపంతా చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులు తడపొద్దన్నారు. తీసి చూస్తే పొటాషియం డైక్రోమేట్ అనే క్రోమియం లవణం పెట్టినచోట ఎర్రటి దద్దు. తామర అయితే ముందు వేళ్ల సందుల్లో చూడాలట. అవి బాగుండి పైన పొక్కితే బూటునే అడగాలట.

తమ వంశ చరిత్ర అప్పుడు తెలిసింది. తోలు కుళ్లకుండా క్రోమియం లవణాలతో పదును చేస్తారు. చెమట తగిలితే అందులో కొంత కరిగి చర్మంలోకి దిగుతుంది. ఆ చెమట రోజంతా నేనే సప్లై చేశాను. యూరప్‌లో 2015 నుంచి, ఒంటికి తగిలే తోలు వస్తువుల్లో హెక్సావలెంట్ క్రోమియం (ఎలర్జీ తెప్పించే రకం) కిలోకి 3 మిల్లీగ్రాములకి మించకూడదని రూలు. అక్కడ పుట్టాల్సింది నా పాదాలు.

ఈ ఎలర్జీ ఒకసారి పట్టిందంటే పింఛను లాంటిదే, చచ్చేదాకా వస్తుంది. తోలు పట్టీ వాచీ పెట్టుకున్నా నా మణికట్టు తమర్ని గుర్తుపడుతోంది.

ఇట్లు,
తమ విధేయుడు, సైజు 9

తా.క.: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం దొరికింది. మొదటిరోజే సూపర్‌వైజరు ఒక అట్టపెట్టె ఇచ్చాడు. విప్పితే తమరే. పాలిష్ డబ్బా ఫ్రీ.