విల్లు డబ్బా మీది వేగం 320 గారికి

మహారాజశ్రీ 320 గారి దివ్యసముఖమునకు,

కోనసీమ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, తమరి పేరు చూసి కొన్న బాణాలు తప్ప.

మొన్న ఆదివారం మా కొబ్బరితోటలో మీ పరువు పోయిందండి, అదీ మా బావ ముందు. వరిగడ్డి, కొబ్బరిపీచు కలిపి బిగించి కట్టిన మోపు మీదికి సన్నటి బాణం వదిలితే, ములికి కాస్త దూర్చి, వేలాడి, కింద పడింది. "ఆయ్, పడ్డం మాత్రం స్పీడుగానే పడింది బావా" అన్నాడు. తర్వాత తన పాత లావుపాటి అల్యూమినియం బాణం నా విల్లుతోనే వేశాడు. దాన్ని లాగడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

విల్లు డబ్బా మీద బొటనవేలంత అక్షరాల్లో తమరున్నారు: సెకనుకు 320 అడుగులు. ఎవరి చేతిలోనండీ? తమర్ని కొలిచేది లాగడానికి 70 పౌండ్ల బలం కావాల్సిన విల్లు, 30 అంగుళాల లాగుడు, 350 గ్రెయిన్ల బాణంతో. అంటే 23 గ్రాములైనా లేని పుల్ల! నాది 50 పౌండ్లు, 27 అంగుళాలు. మిమ్మల్ని అందుకోవాలని నాలాంటివాళ్ళందరం బాణాన్ని బక్కచిక్కించడమే పనిగా పెట్టుకున్నాం.

ఒకే విల్లు ఏ బాణానికైనా ఇచ్చే శక్తి దాదాపు ఒకటే. బాణం బరువు రెట్టింపైతే వేగం సగానికి పడిపోదు, 30 శాతం దాకా తగ్గుతుంది. ఊపు, అంటే బరువుని వేగంతో గుణిస్తే వచ్చేది, మాత్రం 40 శాతం పెరుగుతుంది. దిగబడేది ఆ ఊపుతో. ఖాళీ పడవ జోరుగా వచ్చి రేవుకి తగిలినా కాలితో ఆపొచ్చు, కాయలు నింపిన పడవ మెల్లగా వచ్చినా కాలు పెట్టగలరా?

మన దగ్గర 1972 చట్టంతో వేట నేరం, నా గొడవంతా గడ్డిమోపుతోనే. కానీ అమెరికాలో లైసెన్సు తీసుకుని విల్లుతో వేటాడేవాళ్ళకి బాణం సగంలో ఆగితే, గాయపడ్డ జంతువు పారిపోయి నరకం పడుతుంది. ఎడ్ ఆష్‌బీ అనే ఆయన ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి, గట్టి ఎముక దాటాలంటే 650 గ్రెయిన్లకి తగ్గొద్దన్నాడు. సుమారు 42 గ్రాములు. తమరి ముఖం చూసి కొన్నవాడు ఆ బరువు పెడతాడా?

తూకం సంగతి సరేసరి. 30 అంగుళాల బాణం నడిమధ్య 15 దగ్గర కాకుండా వెనక చివరి నుంచి 19న్నర దగ్గర వేలిమీద నిలిస్తే, నడిమికి నాలుగున్నర ముందుకి, అంటే ముందుబరువు 15 శాతం. వేటగాళ్ళు మామూలుగా 10 నుంచి 15 చూసుకుంటారు. ముందు బరువుంటే వెనక ఈకలు బాణాన్ని దారిలో పెట్టగలవు. ఊగుతూ తగిలిన బాణం శక్తి కొంత పక్కలకే పోతుంది. ఆ లెక్క డబ్బా మీద ఎక్కడా లేదు, జింక బొమ్మ మాత్రం ఉంది.

తమరిలో ఒక మంచి లేకపోలేదు. దూరం అంచనా తప్పినా తేలిక బాణం మరీ కిందికి జారదు, బరువుది జారుతుంది. 50 మీటర్ల కాగితం మీద, మన జ్యోతి సురేఖ వేసే ఆటలో, ఎంత లోతు దిగిందని ఎవడూ అడగడు. అక్కడ ఏలుకోండి, దండం పెడతాను.

జింక పక్కన మాత్రం నుంచోవద్దు. సిగ్గుండాలి! ఏ బాణం, ఏ విల్లు, ఎంత లాగుడు అని చెప్పకుండా వేగం ఒక్కటీ అచ్చేయడం మోసం కాక ఏంటి? ఈసారి బాణం బరువు గ్రెయిన్లలో చెప్పిన కొట్లోనే కొంటాను. చెప్పనివాడు తమర్ని ఎంత పెద్ద అక్షరాల్లో వేసుకున్నా సరే.

ఇట్లు,
గడ్డిమోపు యజమాని