ఐజాక్ చుంగ్ చదువు మానేయలేదు

పాలకొల్లులో మా ఉదయపు నడక మిత్రుల వాట్సాప్ బృందంలోకి ఈ సంవత్సరం ఒకే సందేశం ఏడుసార్లు వచ్చింది. పంపినవారందరూ నాకు ఆప్తులే, అందరూ చదువుకున్నవారే. వారిలో ఇద్దరు నాతోపాటు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. "కొరియా నుంచి కట్టుబట్టలతో అమెరికా చేరిన రైతుబిడ్డ" అంటూ మొదలయ్యే ఆ సందేశం, మినారి చిత్ర దర్శకుడు లీ ఐజాక్ చుంగ్ డాక్టరు చదువును మధ్యలో వదిలేశాడనీ, తీసిన మొదటి సినిమాకే ఆరు ఆస్కార్లు కొట్టాడనీ, భాష ఆయనకు అడ్డే కాలేదనీ, హాలీవుడ్ కోట్లు గుమ్మరిస్తామన్నా తల వంచలేదనీ చెప్పి, "తల్లిదండ్రులారా, అవసరమైతే ఎకరం అమ్మండి, పిల్లవాడి కలను మాత్రం చంపకండి" అన్న హితవుతో ముగుస్తుంది. అడుగున, సినిమాకు పేరిచ్చిన మినారి అనే కొరియా ఆకుకూర గుండెజబ్బుకు దివ్యౌషధమన్న కొసరు కూడా ఉంది. ఆరుసార్లు ఊరుకున్నాను.

చుంగ్ 1978లో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో పుట్టాడు. వలస వచ్చినవారు ఆయన తల్లిదండ్రులు. పుట్టేటప్పుడు ఎవరికీ కట్టుబట్టలు కూడా ఉండవు కాబట్టి ఆ వర్ణనను అక్కడితో వదిలేద్దాం.

ఆరు ఆస్కార్లు రాలేదు, ఆరు నామినేషన్లు వచ్చాయి. 2021లో దక్కిన ఒకే ఒక్క బహుమతి అమ్మమ్మ పాత్ర వేసిన యూన్ యు-జంగ్ అనే పెద్దావిడకు వెళ్లింది. మినారి ఆయన మొదటి సినిమా కూడా కాదు, నాలుగో కథాచిత్రం. మొదటిదైన మున్యురంగాబోను రువాండాలో, నటన తెలియని కుర్రవాళ్లతో, తాను సినిమా పాఠాలు చెబుతున్న విద్యార్థులనే సాంకేతిక బృందంగా పెట్టుకుని, ఆ దేశపు భాషలోనే పదకొండు రోజుల్లో తీశాడు. 2007లో అది ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవానికి వెళ్లింది. ఆ తరువాత 2010లో ఒకటి, 2012లో ఒకటి తీశాడు. వాటి పేర్లు మా బృందంలో ఒక్కరికీ తెలియవు, నిజం చెప్పాలంటే మొన్నటిదాకా నాకూ తెలియవు. కాన్ నుంచి మినారి మొదటి ప్రదర్శన దాకా గడిచిన పదమూడేళ్లను సందేశం రాసినవారు ఒక్క కామాతో దాటేశారు.

భాష అడ్డం కాలేదన్న మాట మరీ విడ్డూరం. ఓక్లహోమాలో చిత్రీకరించి, అమెరికాలో పుట్టినవాడు, అమెరికా సంస్థల డబ్బుతో తీసిన ఆ సినిమా 2020లో అమెరికాలో జరిగే సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో అమెరికా చిత్రాల పోటీలోనే నిలిచి, న్యాయనిర్ణేతల బహుమతినీ ప్రేక్షకుల బహుమతినీ కూడా గెలిచింది. మరుసటి సంవత్సరం గోల్డెన్ గ్లోబ్ వారు, సంభాషణలు సగానికి మించి ఇంగ్లీషులో కాక కొరియన్‌లో ఉన్నాయంటూ నిబంధన చూపి, దానినే విదేశీ భాషా చిత్రాల వరుసలో కూర్చోబెట్టి అక్కడ బహుమతి ఇచ్చారు. పిల్లలను డల్లాస్‌లో పెంచుతూ ఇంట్లో తెలుగు మాట్లాడించాలని తాపత్రయపడుతున్న మన ఊరివారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

తల వంచకపోవడం గురించి: 2024లో ఆయన పదిహేను కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన సుడిగాలుల సినిమా ట్విస్టర్స్‌ను హాలీవుడ్ కోసమే తీశాడు. అందులో తప్పేమీ లేదు. ఆకు వైద్యం గురించి నాకు మాటలు లేవు. రేపు పొన్నగంటి కూర తింటే ఆస్కార్ వస్తుందని కూడా రాస్తారు.

ఇక చదువు సంగతి. ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివాడు. డాక్టరు కావాలన్న ఆలోచన ఉన్న మాట నిజమే; చివరి సంవత్సరంలో మనసు సినిమా మీదికి మళ్లింది. మళ్లిన మనసుతోనే డిగ్రీ పూర్తి చేశాడు. అంతటితో ఆగక యూటా విశ్వవిద్యాలయంలో సినిమా మీద మరో పట్టా తీసుకున్నాడు. అవకాశాలు సన్నగిల్లి, నలభై ఏళ్లు దగ్గరపడి, ఇంట్లో చిన్నపిల్ల ఉన్న రోజుల్లో, ఆ యూటా వారే దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో నడిపే శాఖలో అధ్యాపకుడి ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. దానిలో చేరేలోగా మిగిలిన కాస్త సమయంలో, ఇదే ఆఖరి కథ అనుకుంటూ, చిన్ననాటి జ్ఞాపకాలు ఎనభై కాగితం మీద పెట్టుకుని మినారి రాశాడు. అంటే, సందేశం ఆయన చేత మాన్పించిన ఆ చదువే ఆయనకు జీతమిచ్చే దారి అయింది. పట్టా లేనివాడిని పిలిచి ఏ విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పమంటుందో ఏడుసార్లు పంపిన నా మిత్రులు, ముఖ్యంగా ఆ ఇద్దరు మాజీ అధ్యాపకులు, చెప్పాలి.

నా కోపానికి సొంత కారణం కూడా ఉంది. రాజోలు వైపున్న మా మేనల్లుడు ఇంజనీరింగు మూడో సంవత్సరంలో ఈ సందేశాన్నే వాళ్ల నాన్నకు చదివి వినిపించాడు. మా బావగారు మెత్తని మనిషి. దింపు దింపుకూ ఇంత అని చేతికి డబ్బొచ్చే డెబ్బై సెంట్ల కొబ్బరితోటకు బయానా పుచ్చుకున్నారు. ఆ డబ్బుతో కెమెరా అద్దెకు వచ్చింది, డ్రోను వచ్చింది, భీమవరం నుంచి ఎడిటరు వచ్చాడు. చించినాడ వంతెన మీద నుంచి వశిష్ఠ గోదావరిని ఆకాశం ఎత్తున ఎన్ని విధాల చూపించవచ్చో అన్ని విధాలా చూపించారు. చివరికి తేలింది ఇరవై రెండు నిమిషాలు. ఆ హార్డ్ డిస్కు ఇప్పుడు మా చెల్లెలి బీరువాలో, పూతరేకుల డబ్బాలో, రిజిస్ట్రేషను కాగితాల నకలు పక్కనే ఉంది. తోట కొన్నాయన ఈమధ్యే గట్టు చుట్టూ ముళ్లకంచె వేయించాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఈ ఖండన రాయడానికి మినారిని మరోసారి చూశాను. అందులో తండ్రి కోడిపిల్లల్లో ఆడామగా వేరుచేసే కూలిపని చేస్తూ, ఇంటావిడ వద్దు మొర్రో అంటున్నా వినకుండా, అమెరికాలోని అర్కాన్సాలో భూమి మీద ఉన్నదంతా పోస్తాడు. నీళ్లెక్కడ పడతాయో చెప్పేవాడికి డబ్బివ్వనని పంతం పట్టి తానే బావి తవ్వుతాడు, అది ఎండిపోతుంది. పంట చేతికొచ్చాక కొట్టం తగలబడుతుంది. ధవళేశ్వరం నుంచి కాలువ నీరు కాళ్ల దగ్గరకు వచ్చే మనలాంటివాళ్లం ఆ మనిషిని మూర్ఖుడనాలి. నేను అనలేదు. రెండుసార్లూ ఆయన పక్షాన్నే కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. అదే పని మా బావగారు చేస్తే పెళ్లిభోజనాల మధ్య పదిమందిలో తిట్టాను.

ఆ తరువాత మా చెల్లెలి ఇంటికి వెళ్లి, డబ్బా తెరిపించి, ఆ ఇరవై రెండు నిమిషాలూ శ్రద్ధగా చూశాను. డ్రోను గోదావరి డ్రోను గోదావరిలాగే ఉంది. కానీ మధ్యలో, ఎందుకు పెట్టాడో తెలియదు, వాళ్ల నాయనమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరాకు నుంచి ఈనెలు చీరుతూ, ఒక్కొక్క ఈనెనూ వేలితో దువ్వి పక్కన పెడుతూ, తోట అమ్మిన సంగతి ఎవరూ చెప్పలేదనుకుంటున్నారు కదూ అన్నట్టు కెమెరా వైపు ఒక్కసారి చూస్తుంది. నాలుగు నిమిషాలు, మాట లేదు, పాట లేదు.

ఆ ముక్కను మేనల్లుడి అనుమతితో మా నడక బృందంలో పెట్టాను. బొటనవేళ్లు రెండు వచ్చాయి. మరునాడు తెల్లవారుజామున ఐదున్నరకు కట్టుబట్టల రైతుబిడ్డ ఎనిమిదోసారి వచ్చాడు.