పేరు లేని కృతజ్ఞత ఎవరికి?

ఈ మధ్య కృతజ్ఞత కూడా ఫోన్ గుర్తు చేస్తేనే వస్తోంది. రాత్రి పడుకునే ముందు ఒక యాప్ టింగుమంటుంది, ఈ రోజు మీకు దక్కిన మూడు మంచి విషయాలు రాయమని. ఆరోగ్యం, పిల్లల నవ్వు, పొద్దున తాగిన ఫిల్టర్ కాఫీ అని రాసేసి తృప్తిగా దుప్పటి కప్పుకుంటాం. డికాక్షన్ వేసిందెవరు, పాల ప్యాకెట్ గుమ్మంలో పెట్టిందెవరు, గిన్నెలు తోమిందెవరు? ఆ పేర్లు లిస్టులో ఉండవు. నా పేచీ అంతా అక్కడే. లిస్టులు రాయాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ మనుషుల పేర్లు లేని కృతజ్ఞత లిస్టు మనల్ని మనం మెచ్చుకోవడానికి పనికొస్తుంది. ఇల్లు చక్కబడటానికి పనికిరాదు.

లిస్టుల వల్ల మేలుందా అన్నది చాలామంది చదివే ఉంటారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. 2003లో అమెరికా మనస్తత్వవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకలా కొందరు విద్యార్థులతో తమకు కలిసొచ్చిన విషయాలను వారానికోసారి ఐదు వరకు రాయించారు. మరికొందరితో చికాకులు రాయించారు. మొదటివాళ్లు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారని తేలింది. వారానికి ఒకసారి రాసినవాళ్లకు కలిగిన మేలు, మూడుసార్లు రాసినవాళ్లకు కలగలేదని మరో మనస్తత్వవేత్త సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆ తర్వాత చెప్పింది. అంటే రోజూ టింగుమనడం యాప్ కంపెనీకి అవసరం, మనకు కాదు. పనుల లిస్టు మీదా పరిశోధనలున్నాయి. రేపు చేయాల్సిన పనులు రాసి పడుకున్నవాళ్లకు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే సుమారు 9 నిమిషాల ముందే నిద్ర పట్టిందని బేలర్ యూనివర్సిటీ 2018లో ప్రకటించింది. బుర్రలో గిరగిరా తిరిగేది కాగితం మీదికి దిగితే టెన్షన్ తగ్గుతుందన్నది మన ఇళ్లలో నెల సరుకుల చీటీ రాసే ఎవరినడిగినా చెబుతారు. ఆ చీటీ కూడా ఎంత పద్ధతిగా ఉంటుందో చూడండి. మొదటి వరుసలో పసుపు రాస్తేగానీ కందిపప్పు దగ్గరికి రారు.

కృతజ్ఞత లిస్టుల్ని అసలు ఒప్పుకోనివాళ్లున్నారు. జీతం చాలనివాడికి, అద్దె కట్టలేనివాడికి ‘ఉన్నదానికి సంతోషించు’ అని చెప్పడం మోసం అంటారు వాళ్లు. న్యాయమైన మాటే. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 27 అధ్యయనాలను కలిపి చూసి, ఇలాంటి రాతలు కుంగుబాటునూ ఆందోళననూ తగ్గించేది కొద్దిగానేనని 2020లో చెప్పారు కూడా. జబ్బుకు డాక్టర్ కావాలి, నోటు పుస్తకం కాదు. అయితే ఈ విమర్శ తగిలేది గాల్లోకి విసిరే కృతజ్ఞతకే. ఫలానా మనిషి ఫలానా పని చేసిందని రాసే లిస్టుకు ఇది తగలదు.

అలాంటి లిస్టు మనకు కొత్తేమీ కాదు. తెలుగు పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం అదే. మండపం పక్కన ఒక బల్ల, దాని వెనక నమ్మకస్తుడైన బాబాయో మేనమామో, ఆయన ముందు గీతలు కొట్టిన ఒక పొడవాటి పుస్తకం. ఇంటిపేరు, పేరు, ఊరు, సొమ్ము. ఒకే పేరుతో ఇద్దరుంటే తికమక రాకూడదని ఊరు తప్పకుండా రాస్తారు. 116, 516, 1116. ఒకప్పుడు మైకులో చదివేవాళ్లు కూడా. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కిందికి చేరుతుంది. ఏళ్లు గడిచాక ఆ ఇంటి నుంచి శుభలేఖ వస్తే పుస్తకం బయటికొస్తుంది. వాళ్లు మనకెంత చదివించారో చూసి, దానిమీద ఇంకొంత వేసి పట్టుకెళ్తారు.

ఇది వ్యాపారం, ఇందులో కృతజ్ఞత ఎక్కడుంది అని చదువుకున్న పిల్లలు ముఖం చిట్లిస్తారు. వాళ్లతో నాకు పూర్తిగా విభేదం. తిరిగి చేయాలన్న బాధ్యత లేని కృతజ్ఞత ఒక మూడ్ మాత్రమే, పొద్దున్నకల్లా పోతుంది. చదివింపుల పుస్తకం మనిషిని మర్చిపోనివ్వదు. పదిహేనేళ్ల కింద ఎవరో బస్సు మారి, ఎండలో నడిచి వచ్చి 116 ఇచ్చి వెళ్లారని అది గుర్తు చేస్తుంది. ఇవాళ ఫోన్‌పేలో వేసేస్తున్నారు, ఆ హిస్టరీని ఎవరూ వెనక్కి తిప్పి చూడరు. పుస్తకం పోయిన ఇళ్లలో రాకపోకలు ఎలా పలచబడ్డాయో మీకు తెలియంది కాదు.

ఆ పుస్తకంలోనూ ఒక పెద్ద లోటుంది. డబ్బు ఇచ్చినవాళ్ల పేరే అందులో ఎక్కుతుంది. నాలుగు రోజుల ముందే వచ్చి అరిసెలు వండిన పిన్ని, అర్ధరాత్రి దాకా తాంబూలం సంచులు కట్టిన వదిన, వంటవాళ్లకు సరుకు అందిస్తూ పెళ్లి తంతు చూడనే చూడని అత్త, వీళ్లెవరికీ ఒక్క వరుస కూడా దక్కదు. చేతి కష్టానికి పద్దు రాసే అలవాటు మనకు మొదట్నుంచీ లేదు.

పేరు రాస్తే, పేరు పలికితే ఏమవుతుందో ఆపరేషన్ థియేటర్లలో తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో సర్జరీల కోసం 19 అంశాల చెక్‌లిస్టు తెచ్చింది. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వచ్చిన నివేదిక చెప్పింది. అందులో యాంటీబయాటిక్ ఇచ్చారా, దూది లెక్క సరిపోయిందా వంటివి ఉండటంలో వింత లేదు. నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. కత్తి పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేసే పని చెప్పుకోవాలి. పెద్ద సర్జన్ కూడా, కొత్తగా చేరిన నర్సు కూడా. ఆ ఒక్క అంశం వల్లే ప్రాణాలు నిలబడ్డాయని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ పేరు చెప్పి నోరు విప్పిన నర్సు, తర్వాత తప్పు కనబడితే చెప్పడానికి అంత జంకదు. లిస్టులో క్రమం ఎంత అవసరమో, ఆ క్రమాన్ని మోస్తున్నదెవరో తెలియడమూ అంతే అవసరం.

ఇప్పుడు మన ఇంటికి రండి. గ్యాస్ బుక్ చేయాలి. వాటర్ క్యాన్‌కి ఫోన్ చేయాలి. రేపటి ఇడ్లీకి పప్పు నానబెట్టాలి. మామగారి బీపీ మాత్రలు అయిపోవచ్చాయి. శుక్రవారం పాపకు స్కూల్లో తెల్ల యూనిఫాం. ఈ లిస్టు ప్రతి ఇంట్లో ఉంది, కాగితం మీద కాదు, ఒక ఆడమనిషి తలలో. భర్త మంచివాడే కావచ్చు. “నువ్వు చెప్తే చేస్తాను కదా” అంటాడు. చెప్పాలంటే ముందు గుర్తుండాలి, గుర్తుండటమే సగం చాకిరీ అని ఆయనకు తట్టదు. అందుకే ఆ లిస్టును తలలోంచి ఫ్రిజ్ తలుపు మీదికి దింపండి. రెండు గళ్లు చాలు. ఒకదాంట్లో పని, రెండోదాంట్లో ఎవరు చేశారు. మా ఇంట్లో ఈ కాగితం ఉంది. మొదట్లో రెండో గడిలో ఒకే పేరు కిందికంటా దిగింది, అది నా పేరు కాదు. కృతజ్ఞతకు వేరే పుస్తకం నాకు అవసరం పడలేదు. వారం చివర ఆ కాగితం చదివితే ఎవరికి థాంక్స్ చెప్పాలో, వచ్చే వారం ఏ పని నేను తీసుకోవాలో రెండూ అందులోనే కనిపిస్తాయి.

ఇది నా ఒక్కడి గొడవ కాదు. మనుషులు రోజంతా ఏం చేస్తున్నారో మన దేశం మొదట 1998-99లో 6 రాష్ట్రాల్లో లెక్కగట్టింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటి లెక్క 2019 దాకా తీయలేదు. ఇంటి పనిలో చెయ్యి పెట్టిన ఆడవాళ్లు జీతం లేని ఆ చాకిరీకి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు అప్పుడు తేలింది. ఆడవాళ్లలో 81 శాతం ఆ పని చేస్తుంటే, మగవాళ్లలో చేసేది 26 శాతమే. 2024 సర్వేలో ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88 నిమిషాలు. అసలే తక్కువ చేస్తున్న మగవాళ్లకు ఇంకో 9 నిమిషాలు మిగిలాయి! దాదాపు 5 గంటల ఈ చాకిరీ జీడీపీలో కలవదు. ఆ పనికే ఇంకొకరిని జీతానికి పెట్టుకుంటే ఆ జీతం మాత్రం కలుస్తుంది.

దేశం రాసే అతి పెద్ద లిస్టు జనగణన. ఇంటి పని మాత్రమే చేసే స్త్రీని అది పనిచేయనివాళ్ల కిందే రాస్తూ వచ్చింది. 2027 జనగణనకు మళ్లీ తలుపు తడతారు. “మీ ఆవిడ ఏం చేస్తారండీ?” అని అడిగితే, “ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది” అనే మగవాళ్లు ఇంకా లక్షల్లో ఉన్నారు. ఆ ఫారంలో గడి ఉన్నా లేకపోయినా, ఫ్రిజ్ మీది కాగితం తెచ్చి పైనుంచి కిందిదాకా లెక్క రాసుకోవడానికి వచ్చినవాళ్లకు చదివి వినిపించండి.