బరువు తగ్గే ఆపరేషన్‌కు బీమా రావాలంటే పాత చీటీలే దిక్కు

మా అక్క ఎత్తు 154 సెంటీమీటర్లు. నిరుడు దాకా ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ పడలేదు. కర్నూలులో మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టర్ గారి దగ్గర, ఓపీ చీటీ రాసే అబ్బాయి అడిగితే అక్క ఉజ్జాయింపుగా చెప్పిన 157 అలాగే ఏళ్ల తరబడి చీటీల మీద ఉండిపోయింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసే ఆసుపత్రి వాళ్లు చెప్పులు విప్పించి, గోడకు ఆనించి కొలిస్తే 154 వచ్చింది. బరువు మాత్రం రెండు చోట్లా 85 కిలోలే. 154 లెక్కన ఆమె బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చూపే అంకె) 35.8. 157 లెక్కన 34.5. పాలసీ ప్రకారం కనీసం 35 ఉండాలి. ఆ మూడు సెంటీమీటర్ల దగ్గర మా క్యాష్‌లెస్, అంటే బీమా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే ఏర్పాటు, ఆగిపోయింది.

అక్కకు 43 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్. తొమ్మిదేళ్లుగా షుగర్. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 9.2 శాతం కంటే దిగలేదు. ఇంకో రెండేళ్లు ఇలాగే ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయని డాక్టర్ గారే బేరియాట్రిక్ సర్జరీ, అంటే బరువు తగ్గించే ఆపరేషన్, మాట ఎత్తారు. అందం కోసం చేయించుకునే ఆపరేషన్ కాదది. అయినా బంధువుల్లో సగం మంది, బీమా కంపెనీ కూడా, ముందు దాన్ని ఆ కళ్లతోనే చూశారు.

చాలామందికి, కొందరు ఏజెంట్లకు కూడా, ఊబకాయం ఆపరేషన్‌కు బీమా రాదనే నమ్మకం ఉంది. అది తప్పు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మినహాయింపుల (బీమా వర్తించని వాటి) భాషను అన్ని ఆరోగ్య పాలసీలకూ ఒకేలా ఉండేట్టు సవరించింది. అందులో ఊబకాయం మీద ఒక నిబంధన ఉంది. డాక్టర్ సలహా ఉండాలి, వైద్య ప్రమాణాల ప్రకారం జరగాలి, వయసు 18 నిండాలి. బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. లేదా 35 నుంచి 40 లోపు ఉంటే నాలుగు జబ్బుల్లో ఒకటైనా తోడుండాలి: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్ర సమస్య, అదుపులో లేని టైప్ 2 షుగర్. అలా 40 లోపు ఉన్నవాళ్లకు, ఆపరేషన్ లేకుండా బరువు తగ్గే ప్రయత్నాలు కూడా విఫలమై ఉండాలి. ఇవన్నీ ఉంటే ఆ మినహాయింపు చూపించి క్లెయిమ్ తిప్పికొట్టడానికి వీల్లేదు.

చదవడానికి న్యాయంగానే ఉంటుంది. మా సీమ ఇళ్లలోకి వచ్చేసరికే చిక్కు.

ముందు ఆ 40, 35 అంకెల సంగతి చూద్దాం. అవి 1991లో అమెరికాలో నిపుణులు కూర్చుని ఖరారు చేసిన గీతలు. మన శరీరాల తీరు వేరు. తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, తక్కువ బరువుకే షుగర్ వస్తుంది. అందుకే 2009లో మన దేశ వైద్య నిపుణులు భారతీయుల కోసం విడిగా గీతలు గీశారు. జబ్బులు తోడుంటే 32.5, లేకపోతే 37.5 దాటాక ఆపరేషన్ ఆలోచించవచ్చన్నారు. 2022లో బేరియాట్రిక్ సర్జన్ల అమెరికా, అంతర్జాతీయ సంఘాలు ఇంకా దిగి వచ్చాయి. జబ్బులున్నా లేకపోయినా 35 చాలన్నాయి, ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. మన పాలసీ కాగితం మాత్రం 1991 దగ్గరే ఆగిపోయింది. మా అక్క ఎత్తు మనిషికి 32.5 అంటే 77 కిలోలు, 35 అంటే 83 కిలోలు. 80 కిలోల బరువుతో, షుగర్‌తో అవస్థ పడుతున్న మనిషికి మన డాక్టర్లు ఆపరేషన్ సబబే అంటారు, బీమా కుదరదంటుంది. ఇంకో మూడు కిలోలు పెరిగి రమ్మని చెప్పినట్టే కదా ఇది!

‘అదుపులో లేని’ అనే మాట ఇంకా బాధ పెడుతుంది. కడుపు కట్టుకుని, ఇన్సులిన్ సూదులు పొడుచుకుని సగటు షుగర్‌ను 7 దగ్గర నిలబెట్టుకున్న మనిషి ఈ నిబంధన ముందు ఓడిపోతాడు. మాత్రలు మానేసినవాడు నెగ్గుతాడు. ఆడవాళ్లను ఎక్కువగా పీడించే మోకాళ్ల అరుగుదల, పీసీఓడీ (అండాశయాల సమస్య) ఆ నాలుగింటిలో లేవు. బీపీ లేదు, ఫ్యాటీ లివర్ లేదు. మన రాష్ట్రంలో ప్రతి మూడో మహిళ ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువుందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్న రోజుల్లో ఇంత ఇరుకు జాబితా ఎవరి కోసం పెట్టుకున్నామో ఆలోచించాలి.

ఇక ప్రయత్నాలు విఫలమై ఉండాలనే షరతు. మా అక్క చేయని ప్రయత్నం లేదు. రెండేళ్లు తెల్లవారుజామున ఔట్‌డోర్ స్టేడియంలో నడిచింది. అన్నం మానేసి కొర్రలు, అండుకొర్రలు తిన్నది. ఎవరో చెప్పారని నెలరోజులు కీటో (పిండి పదార్థాలు బాగా తగ్గించే తిండి) చేసి ఆరు కిలోలు తగ్గి, ఎనిమిది పెరిగింది. వీటిలో దేనికీ కాగితం లేదు. ‘గతంలో చేసిన బరువు తగ్గే చికిత్స వివరాలు, ఆధారాలతో పంపండి’ అని కంపెనీ నుంచి క్వెరీ వచ్చినప్పుడు, హైదరాబాద్ ఆసుపత్రి వరండాలో కూర్చుని అక్క అడిగిన మాట నాకు మరుపు రాదు. "ఒరేయ్, నడిచినందుకు రసీదు ఎవరిస్తార్రా?"

ఎన్ని నెలల ప్రయత్నం కావాలి, ఏ ఆధారం చాలు, ఎవరు సంతకం చేయాలి అనేది నిబంధనలో లేదు. ఆ ఖాళీని క్లెయిమ్ చూసే వాళ్లు తమకు తోచినట్టు నింపుకుంటున్నారు. కర్నూలు ఎన్.ఆర్.పేట, గాయత్రి ఎస్టేట్ వీధుల్లో మన వైద్యం నడిచే తీరు అందరికీ తెలిసిందే. చీటీ మీద రెండు మందుల పేర్లు ఉంటాయి. ‘బరువు తగ్గాలమ్మా’ అనే సలహా నోటితోనే వస్తుంది. బరువు రాస్తే రాస్తారు, లేకపోతే లేదు. మందులు కొన్నాక ఆ చీటీ మడిచి మాత్రల డబ్బాలో పెడతాం, డబ్బాతో పాటే పారేస్తాం. అవే చీటీలు ఒకరోజు నాలుగు లక్షల రూపాయల విలువ చేస్తాయని మనకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు కొత్త బెంగ ఒకటి. 2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. బాగానే పనిచేస్తున్నాయి, కానీ ఖర్చు నెలకు వేలల్లో. రేపు ఏదో ఒక కంపెనీ ‘ముందు అవి వాడి చూశారా?’ అని అడిగితే? ప్రయత్నం అంటే ఏమిటో నియంత్రణ సంస్థ ఇప్పుడే తేల్చకపోతే ఆ ప్రశ్న రాక మానదు.

మా విషయానికొస్తే, క్యాష్‌లెస్ కుదరదన్నారు. ఆపరేషన్ తేదీ వాయిదా వేస్తే అక్క మళ్లీ ధైర్యం చేయదని మాకు తెలుసు. బంగారం బ్యాంకులో పెట్టి డబ్బు కట్టాం. తర్వాత కర్నూలు వచ్చి ఇల్లంతా వెతికాం. బీరువా అడుగున, పాత కరెంటు బిల్లుల మధ్య, 2021 నుంచి పదకొండు ఓపీ చీటీలు దొరికాయి. ఏడింటి మీద బరువు రాసి ఉంది. రెండింటి మీద ‘డైట్, వాకింగ్’ అని డాక్టర్ గారి చేతిరాత. అవి ముందు పెడితే, మూడేళ్లుగా తన సలహా మీద ఆహార నియమాలు, నడక పాటించినా ఫలితం లేదని, 157 అనేది కొలిచి రాసింది కాదని ఆయన లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేశారు. ఆ కాగితంతో, మేం కట్టిన డబ్బు తిరిగివ్వమని రీయింబర్స్‌మెంట్ పెట్టాం. మొదట మళ్లీ తిరస్కరించారు. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాం, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో పెట్టాం. నాలుగు నెలలకు డబ్బు వచ్చింది, కోతలు పోను. పొట్టకు కట్టే బెల్టు, డైటీషియన్ ఫీజు లాంటివి ఇవ్వరు. బంగారం మీద కట్టిన వడ్డీ ఎటూ రాదు.

ఈ దారిలో వెళ్లేవాళ్లు కొన్ని సంగతులు గట్టిగా పట్టుకోవాలి. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంట్ ‘బరువు అరవై అని వేసేద్దాం’ అంటే ఒప్పుకోకండి. రేపు నిజం దాచారనే మాట వచ్చేది మీ మీదకే, ఆయన మీదకు కాదు. అయిదేళ్లు ఆగకుండా ప్రీమియం కడితే, మోసం చేశారని రుజువైతే తప్ప, దాచారనే వంకతో క్లెయిమ్ ఆపకూడదని 2024లో రూలు మార్చారు. ముందు నుంచి ఉన్న జబ్బులకు వేచి ఉండాల్సిన గడువును కూడా మూడేళ్లకు మించకుండా తగ్గించారు. తిరస్కరిస్తే ఏ షరతు కింద అన్నది రాతపూర్వకంగా అడగండి. కంపెనీలోని సమీక్ష కమిటీ చూడకుండా క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదు. ఫిర్యాదు చేసిన నెలలోపు జవాబు లేకపోయినా, జవాబు నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, కడప వాళ్లందరికీ అదే కార్యాలయం. ఎత్తు, బరువు మాత్రం ఆపరేషన్ ముందు పెట్టే ద్రవాహార నియమం మొదలవక ముందే కొలిపించుకుని, తేదీతో రాయించుకోండి. ఆ రెండు వారాల్లో తగ్గే కిలోలు మీకే ఎదురు తిరగవచ్చు.

డబ్బు కంటే కష్టమైనది ఆ తర్వాతి బతుకు. అక్కకు చేసింది స్లీవ్ ఆపరేషన్. పొట్ట సంచిలో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. మూడో రోజు డిశ్చార్జ్ చేశారు. కారులో కర్నూలు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా గంటకోసారి దిగి నడవమన్నారు. తుంగభద్ర వంతెన దాటేసరికి నాలుగుసార్లు దిగింది.

ఇంట్లో మొదటి రెండు వారాలు అన్నీ దగ్గు మందు సీసా మూతంత కప్పుతోనే. పలచటి మజ్జిగ, పప్పుకట్టు, వడకట్టిన రాగి జావ. ఒక్కో కప్పుకు పావుగంట. అయిదో రోజు పొద్దున ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. షుగర్ చూస్తే 62. డిశ్చార్జ్ సమ్మరీలో ఒక షుగర్ మాత్ర ఆపేయమని ఇంగ్లీషులో ఉంది. మేం గమనించలేదు, ఎవరూ విడమరచి చెప్పలేదు. అలవాటు కొద్దీ పాత చీటీ ప్రకారం వేసుకుంది. ఈ ఆపరేషన్ తర్వాత తిండి తగ్గిపోతుంది, బరువు తగ్గకముందే షుగర్ దిగడం మొదలవుతుంది. పాత మోతాదు మాత్రలు అలాగే వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుంది. తెలుగులో ఒక్క పేజీ రాసి చేతిలో పెట్టి ఉంటే ఆ పొద్దు మాకు తప్పేది.

తర్వాత తిండి వరుసే మారిపోయింది. మన సంగటి ముద్ద పెద్దది, పక్కన పప్పో ఊరిబిండో కొంచెం. ఇప్పుడు ముందు పప్పు, గుడ్డు, పెరుగు. కడుపులో చోటు మిగిలితే రెండు వేళ్లంత సంగటి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలి, ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. నీళ్లు భోజనంతో తాగకూడదు, అరగంట ఆగాలి. ఎండాకాలంలో కర్నూలులో ఉన్నవాళ్లకు తెలుస్తుంది ఆ అరగంట ఎంత పొడుగో. మూడో నెలలో జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చి అక్క ఏడ్చింది. గబగబా బరువు తగ్గినప్పుడు అలా రాలడం మామూలేనని, మళ్లీ వస్తుందని డాక్టర్ చెప్పాక కుదుటపడింది. పెళ్లిళ్లలో రెండు ముద్దలకే లేస్తే వడ్డించేవాళ్లు చిన్నబుచ్చుకుంటారని కొన్నాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు.

పది నెలలకు 66 కిలోలు. షుగర్ సగటు 6.1, మూడు రకాల మాత్రల్లో ఒకటి మిగిలింది. అయినా బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం చూసుకోవాలి. మొదటి ఏడాది మూడు నెలలకు, ఆరు నెలలకు, పన్నెండు నెలలకు రక్త పరీక్షలు, ఆ తర్వాత ఏడాదికోసారి. ఆగకుండా వాంతులవుతుంటే బి1 పడిపోయి నరాలు దెబ్బతింటాయి, ఆలస్యం చేయకూడదు. ఈ జాగ్రత్త లేకపోతే నాలుగు లక్షల ఆపరేషన్ వృథా అవుతుంది, కొత్త జబ్బులు మొదలవుతాయి. చాలా పాలసీలు డిశ్చార్జ్ తర్వాత 60 నుంచి 90 రోజుల ఖర్చులే చూస్తాయి. మూడు రోజుల ఆసుపత్రి బిల్లుకు లక్షలు కట్టిన కంపెనీ, దాన్ని నిలబెట్టే కొన్ని వేల రూపాయల పరీక్షలకు చేతులెత్తేయడం దాని లెక్కకే నష్టం. ఆపరేషన్ ఒప్పుకున్న ప్రతి కేసులో కనీసం రెండేళ్ల పరీక్షలు, రోగి ఉన్న ఊళ్లోనే చేయించుకునే వీలుతో, పాలసీలో చేర్చాలి. బీఎంఐ గీతను మన శరీరాలకు తగ్గట్టు దించాలి. ప్రయత్నానికి ఆధారం ఏమిటో ఒక్క వాక్యంలో రాయాలి, అందులో ఊరి డాక్టర్ సర్టిఫికెట్‌కు విలువ ఉండాలి.

పోయిన వారం అక్క ఏడాది పరీక్షలు చేయించుకుంది. బి12 తక్కువ వచ్చింది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. బిల్లు పాలసీలోకి రాదని తెలిసినా, ల్యాబ్ రసీదును చీటీతో కలిపి పిన్ను కొట్టి, తేదీ వేసి, నీలం ఫైల్లో పెట్టింది. పైచీటీ మీద ఎత్తు 154 అని ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది.