ముడేసిన కవర్ ఆవు కడుపులోకే

పొద్దున్నే చెత్తకుండీ దగ్గర ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి. నల్ల కవర్‌లో రాత్రి మిగిలిన సాంబారన్నం, కూరగాయల తొక్కులు, పైన గట్టిగా ఓ ముడి. ఆవొచ్చి వాసన చూస్తుంది, ముడి విప్పడం దానికి చేతకాదు, పైదవడకి ముందు పళ్ళు కూడా ఉండవు, నాలుకతో చుట్టి కవర్‌తో సహా మింగేస్తుంది. మేత అయితే నెమరుకొస్తుంది, కవర్ నెమరుకీ రాదు పేడలోనూ పోదు, పెద్ద పొట్టలోనే ఉండిపోయి తాళ్ళు, మేకులతో కలిసి గట్టి ముద్దయిపోతుంది. బయటికి పొట్ట నిండుగా ఉంటే బాగా మేసిందనుకుంటాం, లోపల మేతకి చోటు లేక అది ఆకలితో చచ్చిపోతూ ఉంటుంది.

పుట్టపర్తిలో మూగజీవాల్ని చూసుకునే కరుణ సొసైటీ వాళ్ళు ఇలాంటి ఆవులకి ఆపరేషన్లు చేసి కిలోలకొద్దీ ప్లాస్టిక్ బయటికి తీశారు, అంతటితో ఊరుకోకుండా 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అన్నేళ్ళ కింద మన తెలుగు ఊరి నుంచి వెళ్ళిన గోడు అది, ఇవాళ్టికీ మన వీధిలో సీన్ మారలేదంటే మాకు నిజంగా బాధగా ఉంది. సముద్రంలో తాబేళ్ళదీ ఇదే గతి, నీళ్ళలో తేలే కవర్‌ని జెల్లీఫిష్ అనుకుని మింగుతాయి, మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు కూడా.

ఆవుల సంగతే కదా అనుకుంటే పొరపాటు. 2022లో మనుషుల రక్తంలోనే ప్లాస్టిక్ రేణువులు దొరికాయి. 2024లో ఇటలీ డాక్టర్లు మెడ రక్తనాళాల్లోంచి తీసిన కొవ్వు పూడికని పరీక్షిస్తే, అందులో ప్లాస్టిక్ ఉన్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు దాదాపు నాలుగున్నర రెట్లు ఎక్కువ కనపడింది, ప్లాస్టిక్ వల్లే అని అది తేల్చలేదు గానీ భయపడ్డానికి అది చాలు. మనం టీ తాగే పేపర్ కప్పుకి కూడా లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, వేడి టీ పోసి 15 నిమిషాలుంచితే 100 మిల్లీలీటర్లలోకి 25,000 రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు లెక్కగట్టారు. మరి సలసలా కాగే సాంబార్‌ని పల్చటి కవర్‌లో పోసి పార్సిల్ కట్టించుకుంటున్నాం, అదే పిల్లలకి పెడుతున్నాం.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కన్నా పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి బంద్, వాడకమే కాదు తయారీ, నిల్వ, అమ్మకం కూడా. అయినా ఫైన్ పడేది తోపుడుబండి మీద పళ్ళమ్ముకునే ఆమెకి, ఆమె కొన్న హోల్‌సేల్ షాపుకీ, ఆ కవర్లు తయారయ్యే షెడ్డుకీ ఎవరూ వెళ్ళట్లేదు. ముందు అక్కడికి వెళ్ళమని మేం అధికారుల్ని అడుగుతున్నాం. పెళ్ళిళ్ళప్పుడు ఫంక్షన్ హాళ్ళ వెనక గుట్టలుగా పడే గ్లాసులూ, ప్లేట్లూ ఆ రాత్రే ఎత్తించే బాధ్యత హాలు ఓనర్లదేనని మున్సిపాలిటీలు రాతపూర్వకంగా చెప్పాలి, ఎత్తకపోతే లైసెన్స్ ఆపాలి.

ఇంట్లో చేయగలిగింది ఇంకా చిన్నది. మిగిలిన అన్నం, తొక్కులు కవర్‌లో కట్టకండి, తడి చెత్త బకెట్లో విడిగా వేసి బండికివ్వండి, బండి రాకపోతే వార్డు ఆఫీసుకి ఫోన్ చేసి వచ్చేదాకా అడగండి.