కళాకారుడికి ఒక తారీఖు

ఊరు కన్న సంగీతకారుడి పేరు మీద ఏటా ఒక అధికారిక దినం జరపాలన్న ప్రతిపాదనను నేను మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. బాగా లెక్కలు వేసుకునే బలపరుస్తున్నాను. విగ్రహం పెట్టాలంటే కంచు కావాలి, నిలబెట్టడానికి ఒక కూడలి కావాలి, ఆ తర్వాత జీవితాంతం కాకుల సంగతి చూసుకోవాలి. సంగీత పాఠశాల పెడితే మాస్టారికి నెలనెలా జీతం ఇవ్వాలి. పింఛను ఇస్తే ఆయన బతికినన్నాళ్లూ ఇస్తూనే ఉండాలి. తారీఖుతో ఈ బాధలేవీ లేవు. ఏడాదికి 365 ఉన్నాయి, అన్నీ ఉచితం. ఒకటి తీసి ఇచ్చేసినా మన దగ్గర తరిగేది ఏమీ లేదు. అదే తారీఖును ఇదివరకే ఇంకెవరికో ఇచ్చి ఉన్నా ఫర్వాలేదు, వాళ్లు వచ్చి అడగరు.

అడగరు అన్నాను కదా, మొదటి అర్హత అక్కడే ఉంది. సంగీతకారుడు పోయి ఉండాలి. వినడానికి కఠినంగానే ఉంటుంది. కానీ బతికున్నవాడితో వచ్చే చిక్కులు సభలు నడిపినవాళ్లకే తెలుసు. పిలిస్తే వస్తాడు. వస్తే మైకు అడుగుతాడు. మైకిస్తే పాడతాడు. పాడితే ముఖ్య అతిథి ప్రసంగం ఆలస్యమై, ఆయన తర్వాతి సభకి వెళ్లాల్సిన టైమ్ అయిపోతుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. కిందటిసారి పాడినదానికి డబ్బులు ఇంకా రాలేదని అందరి ముందూ అనేస్తే మాత్రం సర్దుకోలేం.

ఆయన ఎప్పుడో ఊరు వదిలి వెళ్లిపోయి ఉంటే మరీ మంచిది. బీథోవెన్‌నే చూడండి. ఈ జర్మన్ సంగీతకర్త 1792లో సొంతూరు బాన్ నుంచి వియన్నా వెళ్లాడు, 1827లో చనిపోయేదాకా మళ్లీ సొంతూరి ముఖం చూడలేదు. ఊరికి మాత్రం ప్రేమ తగ్గలేదు. విగ్రహం పెడదామనుకుంది. చందాలు నత్తనడక నడుస్తుంటే ఫ్రాంజ్ లిస్ట్ అనే పియానో విద్వాంసుడు, ఆ ఊరివాడు కాకపోయినా, సొంత డబ్బు వేసి పని కదిలించాడు. చివరికి 1845 ఆగస్టులో ఆవిష్కరణ. ప్రష్యా రాజు, ఇంగ్లండు నుంచి విక్టోరియా రాణి, ఇంకా పెద్దలందరూ ఎదురుగా ఉన్న భవనం బాల్కనీలో కొలువుదీరారు. ముసుగు తీశారు. బీథోవెన్ వాళ్లకి వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు.

ఈ దృశ్యం మీద నేను చాలాసేపు ఆలోచించాను. ఎవరు ఏ వరసలో కూర్చోవాలో తప్పకుండా చర్చించే ఉంటారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో కూడా చర్చించే ఉంటారు. ఎవరి కోసం వచ్చారో ఆయన ఎటు తిరిగి ఉంటాడన్నది మాత్రం ఎవరికీ తట్టినట్టు లేదు. విగ్రహంతో ఇదీ ప్రమాదం. తారీఖుకి వీపు ఉండదు.

సరే, ఏ తారీఖు? తొందరపడి పుట్టినరోజు అనేస్తారు. సంగీతకారుడు పుట్టినప్పుడు ఆయన సంగీతకారుడని ఎవరికి తెలుసు, రాసి పెట్టుకోవడానికి? బీథోవెన్‌కి 1770 డిసెంబరు 17న చర్చిలో బాప్టిజం జరిగినట్టు రాసి ఉంది గానీ, పుట్టిన రోజుకి కాగితం లేదు. అమెరికా బాకా విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తాను 1900 జులై 4న పుట్టానని జీవితమంతా చెప్పుకున్నాడు. ఆయన 1971లో పోయాక, 1980లలో చర్చి పుస్తకం తిరగేస్తే 1901 ఆగస్టు 4 అని తేలింది. కాబట్టి కమిటీకి నా సలహా ఒక్కటే. ఎవరికి కుదిరినా కుదరకపోయినా ముఖ్య అతిథికి కుదిరే రోజు చూసుకోండి.

ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు వచ్చింది కాబట్టి ఆయన పుట్టిన న్యూ ఆర్లీన్స్ నుంచి మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే వేదిక మీద కలిసి వాయించకూడదని 1956లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. ఆయన బృందంలో ఇద్దరూ ఉండేవారు. అలాగైతే నేను రానన్నాడు, 1965 దాకా సొంతూళ్లో బాకా ఊదలేదు. ఆ మధ్యకాలంలోనే, ఆయన పుట్టిన ఇల్లు ప్రభుత్వ భవనాలకి అడ్డొస్తోందని పడగొట్టేశారు. ఆయన పోయాక మాత్రం గౌరవం ఆగలేదు. 1980లో ఆయన పేరుతో పార్కు తెరిచారు. 2001లో విమానాశ్రయానికే ఆయన పేరు పెట్టారు. పార్కు కంటే నాకు విమానాశ్రయమే నచ్చింది. ఊళ్లో పుట్టిన కళాకారులకి బయటికి వెళ్లే దారి తెలుస్తుంది.

గౌరవించే హక్కు ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోవాలి. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. తర్వాత ఆరాధన జరిపే విద్వాంసులు రెండు వర్గాలై, ఎవరి ఉత్సవం వారు చేసుకున్నారు. రామభక్తిలో లీనమైన ఆ మహానుభావుడి పేరు మీద అన్నేళ్లు పోట్లాడుకోవాలంటే ఎంత శ్రద్ధ కావాలి! ఈలోపు బెంగుళూరు నాగరత్నమ్మ అనే గాయని తన ఆస్తి అమ్మి, పాడుబడిన సమాధి చోట 1920లలో గుడి కట్టించింది. ఆడవాళ్లు అక్కడ పాడకూడదన్నారు. గుడి కట్టించొచ్చు, పాడకూడదు. ఆవిడేమో వాదిస్తూ కూర్చోకుండా ఆడవాళ్లతో వేరే ఆరాధన మొదలుపెట్టేసింది. ఇలాంటివాళ్లు ఉంటే కమిటీలు నడవవు. మూడు ఉత్సవాలూ ఒకటి కావడానికి 1940లు రావలసివచ్చింది.

కార్యక్రమం వివరాలు పెద్దగా చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసినవే. ముందుగా రెండు నిమిషాలు మౌనం. జీవితమంతా శబ్దాన్నే నమ్ముకున్నవాడికి ఇంతకన్నా నిండైన నివాళి ఏముంటుంది? తర్వాత ప్రసంగాలు. వక్తలు ఆయన పాట విని ఉండాలన్న నిబంధన పెట్టకండి, వక్తలు దొరకరు. ఆయనతో దిగిన ఫోటో ఉంటే చాలు. సంగీతం కూడా ఉండాలని ఎవరైనా పట్టుబడితే చివర్లో పెట్టండి, కుర్చీలు మడతపెట్టేవాళ్లు వింటారు. నేను వెళ్లిన ఇలాంటి సభ ఒకదాంట్లో అసలు శ్రుతిలో వినిపించినవాడు మైకు కుర్రాడొక్కడే. సభకి ముందు "హలో, హలో, చెక్" అని మూడుసార్లు అన్నాడు. ఒక్కసారీ తప్పలేదు.

తీర్మానం ముసాయిదా నేనే రాసి పెట్టాను. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా అని మొదలై, అజరామరం, తీరని లోటు అన్న మాటలు రెండేసి సార్లు వచ్చి, నకలు సంబంధిత శాఖలకు అని ముగుస్తుంది. పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలాను. అక్కడ సరిపోయే మనిషి ఒకాయన ఉన్నారు. నిన్న సాయంత్రం ఆయన ఇంటి ముందునుంచి వెళ్తూ ఆగి విన్నాను. ఇంకా పాడుతున్నారు.